షెడ్యూల్ అనే ఇంగ్లీషు మాట: అర్థం, ఉచ్చారణ, వాడుక (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఇంగ్లీషు రాదనుకునే తెలుగువారు కూడా రోజూ వాడే ఇంగ్లీషు మాటల్లో షెడ్యూల్ ఒకటి. పరీక్షల తేదీలు, ఎన్నికల తేదీలు, ఇంటి దస్తావేజు చివరి పేజీ, కుల ధ్రువీకరణ పత్రం, మందుల అట్ట, సినిమా చిత్రీకరణ వార్త, ఇలా ఎక్కడ చూసినా ఇదే మాట కనిపిస్తుంది. అయినా దీనిని ఎలా పలకాలన్న సందేహం, ఒక్క మాట ఇన్ని చోట్ల ఎందుకుందన్న సందేహం చాలామందిని వదలవు.

షెడ్యూల్ అనే మాటకు అసలు అర్థం ఏమిటి?

నేడు ఎక్కువగా వాడుకలో ఉన్న అర్థం "ఏ పని ఎప్పుడు జరగాలో ముందుగా నిర్ణయించి రాసుకున్న పట్టిక". అయితే ఇది తరువాత వచ్చి చేరిన అర్థం. అంతకన్నా పాతది, చట్టాల్లోనూ దస్తావేజుల్లోనూ ఇప్పటికీ బలంగా నిలిచి ఉన్నది "ప్రధాన పత్రానికి చివర జతచేసిన జాబితా" అనే అర్థం. ఈ రెండో అర్థాన్ని పట్టుకుంటే మన దేశంలో ఈ మాట కనిపించే చోట్లలో చాలావరకు వాటంతట అవే అర్థమవుతాయి. దానిని వదిలేసి ప్రతి చోటా సమయపట్టిక అనే అర్థాన్నే వెతికితే షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు బ్యాంకులు వంటి పదబంధాలు ఎప్పటికీ కొరుకుడు పడవు.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

దీని మూలం గ్రీకులో ఉంది. పపైరస్ ఆకును, కాగితం ముక్కను సూచించే గ్రీకు మాట లాటిన్‌లోకి "స్కెడా"గా వెళ్లింది. చిన్న కాగితం చీటీ అనే అర్థంలో దాని నుంచి "స్కెడులా" పుట్టింది. అది పాత ఫ్రెంచిలో "సెడ్యూల్"గా మారి, మధ్యయుగాల చివరి కాలంలో ఇంగ్లీషులోకి చేరింది. అప్పట్లో దాని అర్థం ఏదైనా రాసిన చీటీ అని మాత్రమే. వీలునామాలకూ ఒప్పంద పత్రాలకూ అదనపు వివరాలు రాసిన చీటీని జతచేసే అలవాటు నుంచి "అనుబంధ జాబితా" అనే అర్థం స్థిరపడింది. రైళ్లు వచ్చిన తరువాత, పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో, బండ్ల రాకపోకల వేళల పట్టికకు ఈ పేరు పెట్టడంతో "కాలక్రమ పట్టిక" అనే అర్థం బలపడింది.

ఇదే లాటిన్ మాటకు ఇతర ఐరోపా భాషల్లోనూ వారసులున్నారు. చీటీ అనే అర్థంలో జర్మన్‌లో వాడే "త్సెటెల్", కొలంబియా వంటి దేశాల్లో పౌరుల గుర్తింపు కార్డుకు స్పానిష్‌లో వాడే "సెదులా" షెడ్యూలుకు దాయాదులే.

"షెడ్యూల్" సరైనదా, "స్కెజూల్" సరైనదా?

రెండూ సరైనవే. బ్రిటన్‌లో సంప్రదాయంగా పలికేది "షెడ్యూల్". వేగంగా మాట్లాడేటప్పుడు అక్కడే అది "షెజూల్" అవుతుంది. అమెరికాలో "స్కెజూల్" అంటారు, అందులోనూ చివరి అక్షరాన్ని కుదించి "స్కెజుల్" అనడం సర్వసాధారణం. కెనడా, ఆస్ట్రేలియాల్లో రెండు రకాలూ వినిపిస్తాయి. బ్రిటన్‌లో కూడా యువతరం నోట "స్కె" అనే మొదలు ఇప్పుడు తరచుగా వినిపిస్తోంది. కాబట్టి అవతలివాళ్లు ఒకలా పలికితే మనం రెండోలా సరిదిద్దవలసిన అవసరం లేదు, అలా సరిదిద్దడం మర్యాద కూడా కాదు.

ఏ దేశపు ఉచ్చారణలోనైనా ఊనిక మొదటి అక్షరం మీదే పడుతుంది. "షె" లేదా "స్కె" గట్టిగా, స్పష్టంగా వినిపించాలి. తరువాతి భాగం తేలికగా సాగిపోవాలి. రెండో అక్షరం మీద ఊని "షెడ్యూ...ల్" అని సాగదీస్తే ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు ఒక క్షణం తడబడతారు.

ఒకే మాటకు రెండు ఉచ్చారణలు ఎలా వచ్చాయి?

ఇంగ్లీషులోకి వచ్చిన తొలి రోజుల్లో ఈ మాటకు ఇప్పటి రెండు ఉచ్చారణల్లో ఏదీ లేదు. ఫ్రెంచి ప్రభావంతో దానిని "సెడ్యూల్" అనే పలికేవారు, రాయడం కూడా ఆ ధ్వనికి తగ్గట్టుగానే ఉండేది. తరువాతి కాలపు పండితులు లాటిన్, గ్రీకు మూలాలు కనబడాలన్న కోరికతో మొదట్లో ఎస్, సి, హెచ్ అనే మూడు అక్షరాలనూ చేర్చి వర్ణక్రమాన్ని మార్చారు. కంటికి కొత్త రూపం కనిపించాక నాలుక కూడా నెమ్మదిగా మారింది. ఆ మూడక్షరాలను చూసి కొందరు "ష" అన్నారు, గ్రీకు పద్ధతి తెలిసినవారు "స్క" అన్నారు, మొదటి "స" మాత్రం కనుమరుగైంది.

అమెరికాలో "స్క" నిలదొక్కుకోవడంలో నిఘంటుకారుడు నోవా వెబ్‌స్టర్ పాత్ర ఉంది. 1828లో వెలువడిన తన నిఘంటువులో ఆయన ఈ మాటను స్కీమ్, స్కూల్ వంటి మాటల పద్ధతిలోనే పలకాలని సూచించాడు. వర్ణక్రమంలోనూ ఉచ్చారణలోనూ అమెరికా ఇంగ్లీషుకు ఒక క్రమబద్ధత ఉండాలన్నది ఆయన పట్టుదల. తర్కం ప్రకారం చూస్తే ఆయన వాదనలో బలముంది. కానీ భాష ఎప్పుడూ తర్కం వెంట నడవదు కనుక బ్రిటన్ తన "షె"ను వదులుకోలేదు. భారతదేశానికి ఇంగ్లీషు బ్రిటన్ నుంచే వచ్చింది కాబట్టి మన చట్టాల్లోనూ బడుల్లోనూ కోర్టుల్లోనూ "షె" స్థిరపడింది.

ఎస్, సి, హెచ్ అక్షరాలు కలిసి వస్తే ఎలా పలకాలన్నదానికి నియమం ఏమైనా ఉందా?

ఒక సూచనలాంటిది ఉంది. గ్రీకు నుంచి వచ్చిన మాటల్లో ఆ మూడక్షరాలను "స్క" అని పలుకుతారు: స్కూల్, స్కాలర్, స్కీమ్, స్కిజోఫ్రీనియా. జర్మన్ నుంచి వచ్చిన మాటల్లోనూ పేర్లలోనూ "ష" అని పలుకుతారు, ఉదాహరణకు సంగీతకారుడు షూబెర్ట్ పేరు. మతంలోనో పార్టీలోనో చీలిక అనే అర్థం గల మాటను పాత పద్ధతిలో "సిజమ్" అనీ, కొత్త పద్ధతిలో "స్కిజమ్" అనీ అంటారు. బ్రిటిష్ షెడ్యూల్ ఈ సూచనకు లొంగదు. గ్రీకు మూలం ఉండి కూడా జర్మన్ మాటలా పలకబడే అరుదైన మాట అది.

తెలుగువారు ఈ మాటను పలికేటప్పుడు ఎక్కడ జాగ్రత్తపడాలి?

మొదట మనకు అనుకూలమైన విషయం. తెలుగు లిపిలో హ్రస్వ ఎకారం, దీర్ఘ ఏకారం వేరువేరుగా ఉన్నాయి కనుక "షె" అని పొట్టిగా రాసి, పొట్టిగానే పలకగలం. హిందీ లిపిలో ఆ తేడా చూపే ఏర్పాటు సాధారణ వాడుకలో లేదు, అందుకే ఉత్తరాదిలో "షేడ్యూల్" అన్నట్టుగా రాయడం కనిపిస్తుంది. హైదరాబాదు వంటి నగరాల్లో హిందీ బోర్డులు చూసి అలవాటుపడి మనం కూడా "షే" అని సాగదీయనక్కరలేదు.

రెండోది "ష", "స"ల తేడా. తెలుగునేల మీద చాలా ప్రాంతాల వాడుక భాషలో "ష" ధ్వని "స"గా మారిపోతుంది, దానితో షెడ్యూలు "సెడ్యూలు" అవుతుంది. చారిత్రకంగా చూస్తే అది ఇంగ్లీషువారి పూర్వికుల ఉచ్చారణే అని నవ్వుకోవచ్చు గాని, నేటి ఉద్యోగ ముఖాముఖిలో ఆ సమర్థన పనికిరాదు. ఇంగ్లీషు "ష"ను పలికేటప్పుడు నాలుక కొన పళ్లకు తగలకుండా కాస్త వెనక్కి ఉండి, పెదవులు కొద్దిగా ముందుకు రావాలి. మన "షట్పది"లోని మూర్ధన్య ధ్వని కన్నా "శ్రీ"లోని తాలవ్య ధ్వనికి ఇది దగ్గరగా ఉంటుంది. అందుచేత రాతలో "ష" ఉన్నా నాలుకను మరీ వెనక్కి మడవకూడదు.

మూడోది, ఎక్కువమంది గమనించనిది, "జూ" దగ్గర వచ్చే చిక్కు. తెలుగులో "జ" అనే ఒకే అక్షరం రెండు ధ్వనులకు పనిచేస్తుంది. జీతం, జెండా అనేటప్పుడు పలికేది ఒకటి, జున్ను, జొన్న అనేటప్పుడు పలికేది మరొకటి. మన అచ్చతెలుగు మాటల్లో ఉకారం ముందు వచ్చే "జ" సాధారణంగా రెండో రకం, అంటే పళ్ల దగ్గర పలికేది. కాబట్టి "స్కెజూల్" అని తెలుగులో రాసినది చదివేవారు తెలియకుండానే జున్నులోని ధ్వనిని తెస్తారు, అప్పుడు అది తేనెటీగల రొదలా వినిపిస్తుంది. అక్కడ కావలసింది జీతంలోని "జ". "జీ" అని పలకబోతూ పెదవులను గుండ్రంగా చేసి "జూ" అంటే సరైన ధ్వని వస్తుంది.

నాలుగోది మాట చివర. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కనుక మనం సహజంగా "షెడ్యూలు" అంటాం. తెలుగు వాక్యంలో అది తప్పు కాదు, పైగా అదే తెలుగు రూపం. ఇంగ్లీషు వాక్యంలో మాత్రం "ల్" దగ్గర ఆపాలి. అలాగే "షెడ్యూల్డ్" అన్నప్పుడు చివరన "ల్డ్" అనే జంట హల్లులు రెండూ వినిపించాలి. చివరి "డ్"ను మింగేస్తే జరిగిపోయిన నిర్ణయం కాస్తా ఇప్పటి అలవాటుగా మారి అర్థమే దెబ్బతింటుంది.

చాలామంది "స్కెడ్యూల్" అంటారు. అది తప్పా?

తప్పు కాదు. అమెరికా మొదలును బ్రిటన్ చివరకు అతికించినట్టు కనిపిస్తుంది కాబట్టి దీనిని కలగాపులగం అనుకునేవారు ఉన్నారు. నిజానికి బ్రిటన్‌లోనే ఇలా పలికేవారున్నారు, నిఘంటువులు కూడా దీనిని బ్రిటిష్ ఉచ్చారణల్లో ఒకటిగా చూపుతాయి. మన ఐటీ ఉద్యోగుల నోట ఈ రూపం తరచుగా వినిపించడానికి కారణం ఊహించడం కష్టం కాదు: బడిలో నేర్చుకున్న "డ్యూల్"ను వదలకుండా, అమెరికా వారితో ఫోనులో మాట్లాడుతూ "స్కె" అందుకున్నారు.

అయితే నేను ఏది ఎంచుకోవాలి?

భారతదేశంలో చదివి, ఇక్కడే పనిచేసేవారికి "షెడ్యూల్" చక్కగా సరిపోతుంది. అమెరికాలో స్థిరపడేవారు "స్కెజూల్" అలవాటు చేసుకుంటే ఎదుటివారికి వినడం సులువవుతుంది, అంతే తప్ప పాత ఉచ్చారణ వల్ల వచ్చే నష్టమేమీ లేదు. ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్షలైన ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ వంటివాటిలో ఏ ప్రామాణిక ఉచ్చారణనైనా అంగీకరిస్తారు. శ్రవణ భాగంలో రెండు రూపాలనూ గుర్తుపట్టగలగడం మాత్రం అవసరం. ఒక్క మాటలో అమెరికా యాస, పక్క మాటలో గోదావరి యాస పెట్టుకుని మాట్లాడే బదులు మొత్తం మాట స్పష్టంగా ఉండేలా చూసుకోవడం మేలని నా అభిప్రాయం.

టైం టేబుల్, ప్రోగ్రాం, అజెండా, షెడ్యూల్: వీటి మధ్య తేడా ఏమిటి?

బ్రిటిష్ ఇంగ్లీషులోనూ మన దగ్గరా బడి పీరియడ్లకు, రైళ్లకు టైం టేబుల్ అంటారు. అమెరికాలో ఆ రెండింటికీ షెడ్యూల్ అనే అంటారు. ఒక సభలో వరుసగా జరిగే అంశాలు ప్రోగ్రాం, ఒక సమావేశంలో చర్చించవలసిన అంశాల జాబితా అజెండా. అజెండాలో వేళలు ఉండకపోవచ్చు, కాలక్రమ షెడ్యూలులో తేదీలో వేళలో తప్పక ఉంటాయి.

ఎన్నికల షెడ్యూలు, ఎన్నికల నోటిఫికేషన్ ఒకటేనా?

కావు. షెడ్యూలు అంటే ఏ దశ ఎప్పుడు జరుగుతుందో ఎన్నికల సంఘం విలేకరుల సమావేశంలో ప్రకటించే తేదీల పట్టిక. ఎన్నికల ప్రవర్తన నియమావళి ఆ ప్రకటనతోనే అమల్లోకి వస్తుంది. నోటిఫికేషన్ అంటే ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం గెజిట్‌లో వెలువడే అధికారిక ఉత్తర్వు, నామినేషన్ల స్వీకరణ దానితో మొదలవుతుంది. 2024 సార్వత్రిక ఎన్నికలనే తీసుకుంటే షెడ్యూలు మార్చి 16న వెలువడింది. నాలుగో దశలో ఉన్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు సంబంధించిన నోటిఫికేషన్ ఏప్రిల్ 18న వచ్చింది, పోలింగ్ మే 13న జరిగింది. పోటీ పరీక్షలు రాసేవారు ఈ తేడాను గుర్తుంచుకోవడం మంచిది, వార్తా శీర్షికల్లో రెండు మాటలూ తరచుగా కలిసిపోతుంటాయి.

షెడ్యూల్డు కులాలు అన్నప్పుడు షెడ్యూలు అంటే ఏమిటి?

ఇక్కడ కాలంతో పనిలేదు, జాబితాతోనే పని. "షెడ్యూల్డు" అంటే "జాబితాలో చేర్చబడిన" అని అర్థం. అంటరానితనానికి గురైన కులాలను ప్రత్యేక రక్షణల కోసం ఒక జాబితాగా పేర్కొనే పద్ధతి 1935 నాటి భారత ప్రభుత్వ చట్టంతో వచ్చింది, ఆ జాబితా 1936లో ఉత్తర్వు రూపంలో వెలువడింది. అంతకుముందు ప్రభుత్వ పత్రాల్లో ఆ కులాలకు "అణగారిన వర్గాలు" అనే అర్థమిచ్చే ఇంగ్లీషు పేరు ఉండేది. స్వతంత్ర భారత రాజ్యాంగం 341, 342 అధికరణాల్లో షెడ్యూల్డు కులాలను, షెడ్యూల్డు తెగలను నోటిఫై చేసే అధికారాన్ని రాష్ట్రపతికి ఇచ్చింది. ఒకసారి వెలువడిన జాబితాలో ఒక కులాన్ని చేర్చాలన్నా తీసివేయాలన్నా పార్లమెంటు చట్టం చేయాలి.

ఇక్కడ చదువుకున్నవారు కూడా పొరబడే విషయం ఒకటుంది. ఎస్సీ కులాల జాబితా రాజ్యాంగం చివర ఉన్న షెడ్యూళ్లలో ఏదో ఒకదానిలో ఉంటుందని చాలామంది అనుకుంటారు. రాజ్యాంగంలోని ఏ షెడ్యూలులోనూ ఆ జాబితా లేదు. అది 1950లో రాష్ట్రపతి జారీచేసిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వుకు జతచేసిన షెడ్యూలులో ఉంది. హిందీలో ఈ పదబంధాన్ని "అనుసూచిత్ జాతి" అని అనువదించుకున్నారు. తెలుగు వాడుక మాత్రం ఇంగ్లీషు మాటనే ఉంచుకుని, అంతకన్నా ఎక్కువగా "ఎస్సీ" అనే పొట్టి రూపాన్ని స్థిరపరచుకుంది.

రాజ్యాంగంలో షెడ్యూళ్లు ఎన్ని? వార్తల్లో వినే "పదో షెడ్యూలు" ఏది?

1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు షెడ్యూళ్లు 8, ఇప్పుడు 12. తొమ్మిదోది 1951లో మొదటి సవరణతో, పదోది 1985లో 52వ సవరణతో చేరాయి. పంచాయతీలకు, పురపాలక సంఘాలకు సంబంధించిన పదకొండు, పన్నెండు షెడ్యూళ్లను 1992 నాటి 73, 74వ సవరణలు తెచ్చాయి. కేంద్రం, రాష్ట్రాల మధ్య అధికారాల పంపకం ఏడో షెడ్యూలులో ఉంటుంది. ఎనిమిదో షెడ్యూలులో మొదట 14 భాషలుండేవి, అందులో తెలుగు ఒకటి. ఇప్పుడా సంఖ్య 22. ప్రతి షెడ్యూలూ ప్రధాన పాఠంలోని ఏదో ఒక అధికరణానికి వేలాడే అనుబంధమే కనుక పాత చీటీ స్వభావం ఇక్కడ చెక్కుచెదరలేదు.

"పదో షెడ్యూలు" దగ్గర తెలుగు పాఠకులకు ఒక ప్రత్యేకమైన అయోమయం ఉంది. ఎమ్మెల్యే పార్టీ మారాడన్న వార్తలో పదో షెడ్యూలు అంటే రాజ్యాంగంలోని ఫిరాయింపుల నిరోధక నిబంధనలు. రాష్ట్ర విభజన వార్తలో తొమ్మిదో షెడ్యూలు సంస్థలు, పదో షెడ్యూలు సంస్థలు అన్నప్పుడు అవి రాజ్యాంగానికి చెందినవి కావు, 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టానికి చెందినవి. ఆ చట్టపు తొమ్మిదో షెడ్యూలులో ప్రభుత్వ కంపెనీలు, కార్పొరేషన్లు ఉండగా, పదో షెడ్యూలులో శిక్షణ సంస్థలు, కేంద్రాల వంటివి ఉన్నాయి. ప్రతి చట్టానికీ దాని షెడ్యూళ్లు దానికే ఉంటాయి, అంకె ఒకటైనంత మాత్రాన జాబితా ఒకటి కాదు. పత్రికలు మొదటి ప్రస్తావనలోనైనా ఏ చట్టపు షెడ్యూలో చెబితే పాఠకులకు ఎంతో మేలు.

షెడ్యూల్డు ప్రాంతం అంటే ఏమిటి?

రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు కింద రాష్ట్రపతి ప్రకటించిన గిరిజన ప్రాంతం. మన వాడుకలో దీనినే ఏజెన్సీ అంటాం: పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు, ఏటూరునాగారం వైపు ప్రాంతాలు. ఇక్కడ భూమి చేతులు మారడంపై 1959 నాటి నిబంధనావళి ఉంది. దానిని సవరించిన 1970 నాటి మొదటి రెగ్యులేషనే జనం నోట "వన్ ఆఫ్ సెవెంటీ"గా నిలిచింది. దాని ప్రకారం ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు బదిలీ చేస్తే చెల్లదు, అమ్మేవారు గిరిజనేతరులైనా సరే. ఆ ప్రాంతంలోని భూములను ప్రభుత్వం సైతం ప్రైవేటు గనుల సంస్థలకు లీజుకు ఇవ్వరాదని సుప్రీంకోర్టు 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో చెప్పింది.

ఇంటి దస్తావేజులో "షెడ్యూలు" అని ఉంటుంది. దాని అర్థం?

అమ్ముతున్న ఆస్తి ఏదో గుర్తుపట్టేలా చెప్పే వివరాల జాబితా. ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపుల హద్దులు అందులో ఉంటాయి. పాత దస్తావేజుల భాషలో ఆ హద్దులనే చెక్కుబంది అనేవారు. దస్తావేజు మొదటి పేజీల్లో "దిగువ షెడ్యూలులో వివరించిన ఆస్తి" అని ఒక్క మాటలో చెప్పి, పూర్తి వర్ణనను చివరకు తోసేస్తారు. అనుబంధ జాబితా అనే పాత అర్థం ఏ మార్పూ లేకుండా బతికి ఉన్న చోట్లలో ఇది ఒకటి. అపార్ట్‌మెంటు దస్తావేజుల్లో తరచుగా రెండు షెడ్యూళ్లు ఉంటాయి. మొత్తం స్థలం వివరాలు "ఎ" షెడ్యూలులోను, కొనుగోలుదారుకు దక్కే ఫ్లాటు, భూమిలోని అవిభాజ్య వాటా "బి" షెడ్యూలులోను రాస్తారు. కొనేవారు ధర రాసిన పేజీ మీద చూపే శ్రద్ధలో సగమైనా ఈ చివరి పేజీ మీద చూపాలి, ఎందుకంటే సర్వే నంబరులో ఒక్క అంకె తేడా వచ్చినా దానిని సరిచేయడానికి మళ్లీ సవరణ దస్తావేజు రాయించుకోవాలి.

మందుల అట్ట మీద "షెడ్యూల్ హెచ్", బ్యాంకు పేరు పక్కన "షెడ్యూల్డు" అని ఎందుకు రాస్తారు?

మందుల విషయంలో ఆ షెడ్యూలు 1945 నాటి ఔషధ నియమాలకు చెందినది. షెడ్యూల్ హెచ్‌లో ఉన్న మందును డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదు. 2013లో షెడ్యూల్ హెచ్ 1ని చేర్చి, కొన్ని యాంటీబయాటిక్‌లను, క్షయ మందులను అందులో పెట్టారు. వాటి అమ్మకాలను దుకాణదారు ప్రత్యేక రిజిస్టరులో రాయాలి. "షెడ్యూల్" అని చూసి, మందు వేసుకోవలసిన వేళల పట్టిక అనుకోవడం ప్రమాదకరమైన పొరపాటు.

బ్యాంకు విషయంలో ఆ షెడ్యూలు 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టపు రెండో షెడ్యూలు. అందులో పేరున్న బ్యాంకు షెడ్యూల్డు బ్యాంకు. అమెరికాలోని తెలుగువారికి ఇదే అర్థం ఆదాయపు పన్ను కాగితాల్లో ఎదురవుతుంది: 1040 ఫారానికి జతచేసే షెడ్యూల్ ఎ, షెడ్యూల్ సి మొదలైనవి అనుబంధ పత్రాలే. అంటే ఉచ్చారణ మారిన దేశంలోనూ పాత అర్థం మారలేదు.

సినిమా వార్తల్లో "షెడ్యూలు పూర్తయింది" అంటే ఏమిటి?

ఇది తెలుగుతో పాటు ఇతర భారతీయ చిత్రసీమల్లోనూ ఈ మాట సంపాదించుకున్న అర్థం. ఒక చోట ఏకధాటిగా కొన్నాళ్లు జరిగే చిత్రీకరణ విడతనే మనవాళ్లు షెడ్యూలు అంటారు. "రాజమండ్రి షెడ్యూలు ముగిసింది, తరువాతి షెడ్యూలు విదేశాల్లో" అని రాస్తే తెలుగు పాఠకులకు ఇట్టే అర్థమవుతుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి షెడ్యూల్ అంటే ప్రణాళిక కాగితం. ఆ కాగితం "పూర్తయింది" అంటే ప్రణాళిక రాయడం ముగిసిందనే వారు అనుకుంటారు. కాబట్టి విదేశీ సంస్థకు ఉత్తరం రాసేటప్పుడు చిత్రీకరణ విడత అని అర్థమయ్యేలా వేరే మాటల్లో చెప్పాలి. మన వాడుకను తప్పనడం మాత్రం సరికాదు, చీటీ నుంచి రైళ్ల పట్టికకు మారిన మాట ఇంకో అడుగు వేసింది, అంతే.

క్రియగా ఎలా వాడాలి?

ఒక పనికి వేళ నిర్ణయించడం అనే అర్థంలో ఇంగ్లీషులో ఇది క్రియగా విరివిగా పనిచేస్తుంది. "ద మీటింగ్ ఈజ్ షెడ్యూల్డ్ ఫర్ మండే" అంటే సమావేశం సోమవారానికి నిర్ణయమైందని అర్థం. ఇక్కడ "ఫర్" రావాలి. మన తెలుగు వాక్యంలో "సోమవారానికి" అన్నప్పుడు ఉన్న "కి" ఈ "ఫర్"కు సరిగ్గా సరిపోతుంది. "ఆన్ షెడ్యూల్" అంటే అనుకున్న వేళకే, "బిహైండ్ షెడ్యూల్" అంటే అనుకున్నదానికన్నా ఆలస్యంగా, "అహెడ్ ఆఫ్ షెడ్యూల్" అంటే ముందుగా. తేదీని మార్చి కొత్త తేదీ ఇవ్వడం "రీషెడ్యూల్". కొత్త తేదీ చెప్పకుండా ఆపేస్తే దానికి ఈ మాట నప్పదు. రైతులకు ఇది బాగా తెలిసిన మాటే: పంట రుణాన్ని రీషెడ్యూలు చేశారంటే బాకీ మాఫీ అయినట్టు కాదు, తీర్చే గడువు పెరిగినట్టు. వడ్డీ ఆగదు.

ఇంగ్లీషు వర్ణక్రమంలో జరిగే తప్పులేమిటి? తెలుగులో ఎలా రాయాలి?

ఇంగ్లీషులో ఎస్, సి, హెచ్, ఇ, డి, యు, ఎల్, ఇ అనే ఎనిమిది అక్షరాలు ఆ వరుసలోనే రావాలి. "షె" అని పలికే అలవాటున్నవారు "సి"ని వదిలేస్తారు, "స్కె" అని పలికేవారు "హెచ్"ను వదిలేస్తారు, ఇద్దరూ చివరి "ఇ"ని మరిచిపోతుంటారు. "డి" తరువాత ఒక్క "యు" మాత్రమే ఉంటుంది, దానికి ముందు "వై" గాని "జె" గాని చేర్చకూడదు.

తెలుగులో షెడ్యూల్, షెడ్యూలు రెండూ ఒప్పే అయినా ఒకే రచనలో ఒకదానికే కట్టుబడాలి. విభక్తులు చేరేటప్పుడు ఉకారాంత రూపం సుఖంగా ఉంటుంది: షెడ్యూలుకు, షెడ్యూలులో, షెడ్యూలు ప్రకారం. బహువచనం స్కూళ్లు, రైళ్లు పద్ధతిలో షెడ్యూళ్లు అవుతుంది, "షెడ్యూల్స్" అని ఇంగ్లీషు బహువచనాన్ని మోసుకురావలసిన పనిలేదు. విశేషణంగా వచ్చినప్పుడు షెడ్యూల్డు అనే రాయాలి. "షెడ్యూలు కులాలు" అనే రూపం పత్రికల్లో అక్కడక్కడ కనిపించినా, జాబితాలో చేరిన అనే అర్థాన్ని అది మోయలేదు.